కాళ్లు చాపుకోవాల్సిన ఆరు వారాలు

సూళ్లూరుపేట





పోయిన నెల మోకాళ్ల గురించి రాస్తే, ఈసారి వచ్చిన జాబుల్లో సగం మోకాలు దిగి పాదం దాకా వచ్చేశాయి. నాయుడుపేట నుంచి ఒక టీచరమ్మ తన పాదం ఫొటో తీసి పంపారు. బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగిపోయి ఉంది. దాని మొదట్లో, పాదం లోపలి అంచున, ఉసిరికాయంత బొడిపె ఎర్రగా కనిపిస్తోంది. "ఇది కరిగిపోయే మందేమన్నా ఉందా, కోయించుకోవాల్నా?" అని అడిగారు. తడ దగ్గర ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే ఒక అమ్మాయి, తన అమ్మకూ అమ్మమ్మకూ కూడా ఇలాగే ఉందనీ, తనకిప్పుడే మొదలవుతోందనీ రాసింది. ఇంకొకాయన ఒకే వాక్యం రాశారు: "మా ఆవిడ చెప్పులు కొనడం మానేసింది, ఏదీ పట్టడం లేదు."

నేను డాక్టర్ని కాను. అయితే మా వదినకు ఇదే ఆపరేషన్ జరిగినప్పుడు పక్కనే ఉన్నాను. డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ, ఆ తర్వాత చదివినవీ ఉన్నాయి. అవన్నీ కలిపి ఈ ఉత్తరం.

దీన్ని డాక్టర్లు హాలక్స్ వాల్గస్ అంటారు, ఇంగ్లీషులో వాడుక పేరు బనియన్. మా ఇంట్లో "ముడుసు" అనే అంటాం, ఇక్కడా అదే రాస్తాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. అది కొత్తగా పెరిగిన ఎముక కాదు. పాదం నడిమి నుంచి బొటనవేలి దాకా ఒక పొడుగాటి ఎముక ఉంటుంది. అది మెల్లగా లోపలివైపుకు, అంటే రెండో కాలివైపుకు వాలుతుంది. దాని చివర ఉన్న బొటనవేలు ఎదురు దిక్కుకు, చిటికెనవేలి వైపుకు తిరుగుతుంది. రెండూ కలిసే కణుపు బయటికి పొడుచుకొస్తుంది. మనం చేత్తో తడిమేది ఆ కణుపునే. చెప్పు రాచుకుని దాని మీది చర్మం మందమవుతుంది, చర్మం కిందున్న చిన్న నీటిసంచి వాచి మండుతుంది. ఆయింట్‌మెంటు రాస్తే ఆ మంట తగ్గవచ్చు గానీ ముడుసు కరగదు, ఎందుకంటే కరగడానికి అక్కడ కొత్తగా మొలిచిందేమీ లేదు. గోరువెచ్చని ఆముదంతో మర్దనా చేయించుకుంటున్నామని రాసినవాళ్లు మానక్కర్లేదు. హాయిగా ఉంటే చేయించుకోండి. వేలు మాత్రం దానితో నిటారు కాదు.

ఇంకో చిక్కుంది. వేలు ఒకసారి ఒరిగాక, దాన్ని తిన్నగా పట్టి ఉంచాల్సిన నరాలే (వాడుకలో నరాలంటాం గానీ అవి కండర తాళ్లు) పక్కకు లాగడం మొదలుపెడతాయి. అందుకే ఇది తనంతట తాను వెనక్కి రాదు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతుంది. రాత్రిపూట కట్టుకునే పట్టీలు, వేళ్ల మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్కలు ఆన్‌లైన్‌లో దండిగా అమ్ముతున్నారు. పెట్టుకున్నంతసేపు వేళ్లు ఒరుసుకోవు, అంతవరకు మేలే. తీసేశాక వేలు మళ్లీ తన దారిన తాను పోతుంది.

ఎవరికి వస్తుంది? ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2010లో ఒకచోట చేర్చి చూస్తే, 18 నుంచి 65 ఏళ్ల వాళ్లలో 23 శాతం మందికి, 65 దాటినవాళ్లలో 35 శాతానికి పైగా ఎంతో కొంత ఈ ఒంపు ఉందని తేలింది. ఆడవాళ్లలో ఎక్కువ. వంశంలో నడుస్తుంది కూడా. అంటే తడ అమ్మాయి అనుమానంలో తప్పు లేదు. అమ్మ నుంచి వచ్చేది ముడుసు కాదు, ముడుసు వచ్చేలాంటి పాదం. కీళ్లు వదులుగా ఉండటం, చదును పాదాలు, కీళ్లవాతం దాన్ని ఎగదోస్తాయి. ఆపైన చెప్పులు.

చెప్పుల పాత్ర ఎంతన్నది పాత గొడవ. 1958లో హాంకాంగ్‌లో ఇద్దరు డాక్టర్లు బూట్లు వేసుకునేవాళ్ల పాదాలనూ, పడవల మీద బతుకుతూ ఉత్తకాళ్లతో తిరిగేవాళ్ల పాదాలనూ పోల్చి చూశారు. బూట్లవాళ్లలో 33 శాతం మందికి ముడుసు ఉంటే, ఉత్తకాళ్ల వాళ్లలో 1.9 శాతం మందికే ఉంది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి ఊళ్లో పాత సమాధుల్లోంచి తీసిన 177 అస్థిపంజరాల పాదాలు చూసి 2021లో ఒక పరిశోధన అచ్చువేశారు. 11 నుంచి 13వ శతాబ్దం వరకు పోయినవాళ్లలో 6 శాతం మందికి ముడుసుంటే, 14, 15 శతాబ్దాల వాళ్లలో అది 27 శాతానికి ఎగబాకింది. మధ్యలో జరిగిందేమిటంటే, ముక్కు సాగిన బూట్లు ఫ్యాషనై కూర్చున్నాయి. డబ్బున్నవాళ్లు, మతగురువులు కూడా వాటి వెంటబడ్డారు. ముడుసున్నవాళ్లలో కిందపడి ఎముకలు విరగ్గొట్టుకున్న గుర్తులు కూడా ఎక్కువగా కనిపించాయట. బొటనవేలు తిన్నగా లేకపోతే అడుగు నిలకడ తప్పుతుందన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

మన దగ్గర ఇలాంటి లెక్క వెతికితే ముడుసు మీద కాదు గానీ చదును పాదం మీద ఒకటి దొరికింది. 1992లో ఇద్దరు భారతీయ డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూశారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదం, వేసుకోని పిల్లల్లో 2.8 శాతమే. అందులోనూ వేళ్లు పూర్తిగా మూసేసే బూట్లవాళ్లలో ఎక్కువ, తెరిచిన చెప్పులవాళ్లలో తక్కువ. ఇది చదివాక మన సర్కారు బడుల పిల్లలు గుర్తొచ్చారు. 2020 నుంచి బడి కిట్టులో వాళ్లకు బూట్లు, సాక్సులు కూడా ఇస్తున్నారు. ముల్లు, మేకు, కొంకిపురుగు లేకుండా పిల్లలు బడికి పోవడం మంచిదే, దాన్ని నేనెందుకు కాదంటాను? కాకపోతే జూన్‌లో కొలత తీసిన కాలు సంక్రాంతికి అదే కాలు కాదు. పిల్లాడు బడి నుంచి రాగానే బూట్లు విసిరికొట్టాడంటే వాణ్ని తిట్టేముందు ఆ బూటులో మీ వేలు పెట్టి చూడండి. బొటనవేలి ముందు ఒక వేలి మందం ఖాళీ లేకపోతే అది వాడి కాలికి చిన్నదైపోయినట్టే.

కొలతకు తేలికైన దారి ఒకటుంది. సాయంత్రం పూట పాత పేపరు మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీయించుకోండి. సాయంత్రమే ఎందుకంటే పొద్దున్నుంచి నిలబడిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. గీసిన బొమ్మ మీద మీ చెప్పు పెట్టండి. పెన్సిలు గీత చెప్పు అంచు దాటి బయటికి కనబడితే, రోజంతా ఆ మేరకు పాదాన్ని లోపలికి కుక్కుతున్నామన్నమాట. మా ఇంట్లో ఈ పరీక్ష పెడితే పెళ్లిళ్లకు వేసుకునే చెప్పులు ఒక్కటీ పాసవలేదు. విచిత్రం చూడండి, మనకు పక్కనే మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీ ప్రపంచం నలుమూలలకూ అడిడాస్ బూట్లు తయారుచేసి పంపుతోంది, మన ఊళ్ల నుంచే వేలమంది ఆడపిల్లలు బస్సులెక్కి అక్కడ పనికి పోతున్నారు. మనం మాత్రం పండగ సంతలో అంకె చూసి, రంగు చూసి, వేలు దూరితే చాలని కొనేస్తాం.

ఉత్తకాళ్లు మేలన్నమాట నిజమే, కాని అందరికీ కాదు. దాని సంగతి కింద చెబుతాను.

ఇప్పుడు కోత విషయం. ముడుసు ఉన్నంతమాత్రాన ఆపరేషన్ అక్కర్లేదు. చూడ్డానికి బాగాలేదని చేయించుకోవద్దని మా వదినను చూసిన డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. వెడల్పు చెప్పులు మార్చి, లోపల మెత్త పెట్టి, కొన్నాళ్లు చూసినా నడిస్తే నొప్పి, రాత్రి సలుపు, పక్కవేలు ముడుచుకుపోయి దాని నెత్తిన ఆనెకాయ కట్టడం ఇలాంటివి ఉంటేనే ఆలోచించాలి. మా వదినకు రెండో వేలు పైకి లేచి బొటనవేలి మీద కూర్చుంది. వంటింట్లో గంట నిలబడితే కళ్లలో నీళ్లు తిరిగేవి. గుడికి పోయినప్పుడల్లా గడప దగ్గర చెప్పులు విడవడమే ఆమెకు సుఖం. చెంగాళమ్మ గుడి దాకా నడిచి, అక్కడ చెప్పులు లేకుండా ఉన్న ఆ కాసేపూ బాగుందనేది.

డాక్టరు దగ్గరికి పోతే ఎక్స్‌రే తీస్తారు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి: నిలబెట్టి తీయించమనండి. పడుకోబెట్టి తీస్తే బరువు పడదు, ఎముక వాలు తక్కువగా కనిపిస్తుంది. మొదటిసారి మా దగ్గరలో తీయించిన ఫిల్ము పడుకోబెట్టి తీసిందే, చెన్నైలో మళ్లీ తీయించాల్సి వచ్చింది. డాక్టరు ఆ ఫిల్ము మీద రెండు గీతలు గీసి కోణం కొలిచాడు. బొటనవేలి ఒంపు 15 డిగ్రీల లోపుంటే మామూలు, 40 దాటితే తీవ్రం. వదినది మధ్యలో ఉంది.

ఆపరేషన్లలో వంద రకాలకు పైగా ఉన్నాయంటే నమ్ముతారా? 1904 నాటి కెల్లర్ పద్ధతి నుంచి నిన్నమొన్నటి చిన్న రంధ్రాల పద్ధతి దాకా. ఇన్ని రకాలున్నాయంటేనే ఏ ఒక్కటీ అందరికీ సరిపోదని అర్థం. ఇప్పుడు ఎక్కువగా వినబడేవి నాలుగైదు. వాలిన ఎముక తల దగ్గర వి ఆకారంలో కోసి, ఆ తలను పక్కకు జరిపి, స్క్రూతో బిగించేది షెవ్రాన్. ఎముక పొడవునా జెడ్ ఆకారంలో కోసి జరిపేది స్కార్ఫ్. బొటనవేలి ఎముకలోంచి సన్నటి చీలిక తీసి వేలును తిన్నగా మడిచేది ఎకిన్, ఇది సాధారణంగా మిగతావాటితో కలిపి చేస్తారు. పాదం నడుమ కీలే వదులుగా ఉంటే దాన్ని అతికించేసేది లాపిడస్. ఏది చేయాలన్నది ఒంపును బట్టి, కీలు పరిస్థితిని బట్టి ఉంటుంది. బొడిపెను మాత్రం చెక్కేసి పంపిస్తామనేవాళ్లుంటే ఇంకో డాక్టర్ని అడగండి. ఎముక వాలు సరిచేయకుండా పైన చెక్కడమంటే కుంగిన గుంజను వదిలేసి తలుపు అంచు చిత్రిక పట్టడమే.

మత్తు సంగతి భయపడేవాళ్లు చాలామంది. ఒళ్లంతా మత్తు చాలాసార్లు అక్కర్లేదు. చీలమండ చుట్టూ ఇంజెక్షన్లు చేసి పాదాన్ని మాత్రం మొద్దుబారుస్తారు, లేదా నడుముకు ఇస్తారు. గంట, గంటన్నరలో అయిపోతుంది. ఆ రోజో మర్నాడో ఇంటికి పంపేస్తారు.

మా వదిన దగ్గర థియేటర్‌లోకి పోకముందే ఆగిపోయింది వ్యవహారం. ఒంటి మీద లోహం ఉండకూడదు కదా. తాళి తీసి పసుపుదారం కట్టుకుంది. మెట్టెలు? పెళ్లినాడు పెట్టినవి, కాలు వాచాక కణుపు దాటి రావడం లేదు. నర్సు సబ్బునీళ్లు పోసింది, దారం చుట్టి తిప్పింది. ఒకటి వచ్చింది. రెండోది రాలేదు. "కట్టర్‌తో కోసేద్దామా అమ్మా?" అంటే వదిన ముఖం చిన్నబోయింది. మా అమ్మ ఆ గదిలోనే ఉంది. ఏమంటుందోనని నేను బిక్కుబిక్కుమంటున్నాను. ఆమె మాత్రం, "కోసెయ్యి తల్లీ, వెండే గదా. కాలు బాగైతే రెండు జతలు చేయించుకుంటుంది" అనేసింది. కట్టర్ అంచు మెట్టె కింద దూర్చి తిప్పుతుంటే సన్నగా కిర్రుమన్నది. అంతే, వేలి మీద మెట్టె పట్టిన తెల్లటి గాడి మిగిలింది. అందుకని చెబుతున్నాను, ఆపరేషన్ తేదీ ఖాయమైనప్పుడే ఇంటి దగ్గర మెట్టెలు తీసేయించుకోండి. మళ్లీ చేయించుకోవడానికి తొందరపడొద్దు. వాపు పూర్తిగా దిగడానికి ఆరు నెలలైనా పడుతుంది, కొందరికి ఏడాది. ముందే కొలత ఇస్తే ఆ మెట్టె తర్వాత వదులై జారిపోతుంది.

ఇక అసలు ముచ్చట. ఈ జబ్బులో సర్జన్ పని గంటన్నర, ఇంటివాళ్ల పని ఆరు వారాలు. ఆపరేషన్ బాగా జరిగింది, ఫలితం బాగాలేదు అని విన్న కథల్లో ఈ ఆరు వారాలే నాకు ఎక్కువగా కనిపించాయి.

మొదటి రెండు వారాలు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు మీద పెట్టుకుంటే చాలదు, పడుకుని రెండు దిండ్ల మీద పెట్టాలి. డాక్టరు ఈ ముక్క తేలిగ్గా చెప్పేస్తాడు. మన ఇళ్లలో ఒక ఆడమనిషి హాల్లో మంచం మీద కాళ్లు ఎత్తి పెట్టుకుని పడుకోవడం ఎంత కష్టమో ఆయనకెక్కడ తెలుసు? మామగారు గదిలోకి వస్తే కాలు దించేస్తుంది. పరామర్శకు హార్లిక్స్ సీసాతో పెద్దవాళ్లు వస్తే లేచి కూర్చుంటుంది. వాళ్లు "పడుకోమ్మా పడుకో" అంటూనే కాఫీ అందకపోతే వంటింటివైపు చూస్తారు. అలా రోజుకు పదిసార్లు దించిన కాలు సాయంత్రానికి కుంభంలా వాచి, కుట్లు బిగుసుకుపోతాయి. మా అన్నయ్య చివరికి గది తలుపు మీద అట్టముక్క తగిలించాడు, "డాక్టరు ఆజ్ఞ: కాలు దించరాదు, చూడవచ్చినవారు క్షమించాలి" అని. అందరూ నవ్వారు గానీ అది పనిచేసింది. మీ ఇంట్లో ఆపరేషన్ పెట్టుకుంటే అలాంటి అట్ట ఒకటి ముందే రాసిపెట్టుకోండి. వంటకు ఎవరు, పిల్లల క్యారేజీలకు ఎవరు, గ్యాసు బండ ఎవరు తెస్తారు, ఇవన్నీ తేదీ ఖాయం చేసుకునే ముందే తేల్చుకోండి. వరినాట్ల రోజుల్లోనో, కూతురి కాన్పు ముందో పెట్టుకోవద్దు.

నడవడానికి అడుగు వంగని ప్రత్యేకమైన చెప్పు ఇస్తారు. మడమ మీద బరువు వేసి ఇంట్లో అవసరానికి నడవవచ్చు, బొటనవేలి మీద ఒత్తిడి పడకూడదు. లాపిడస్ చేయించుకున్నవాళ్లకు ఇంకా కఠినం, కొన్ని వారాలు కాలు నేలకు ఆనించవద్దంటారు. కింద కూర్చునే మరుగుదొడ్డి పనికిరాదు, అక్కడ గొంతుక్కూర్చుంటే బరువంతా వేళ్ల మీదే పడుతుంది. కమోడ్ కుర్చీ అద్దెకు తెచ్చుకోండి, లేదా కొనండి, ఇంట్లో ముసలివాళ్లకు ఎలాగూ పనికొస్తుంది. స్నానానికి కాలికి ప్లాస్టిక్ కవరు బిగించి, బాత్రూములో స్టూలు వేసుకుని కూర్చోవాలి. రెండు వారాలకు కుట్లు తీసేదాకా కట్టు తడవకూడదు. కట్టు ఊడదీసి పసుపు, కాఫీ పొడి చల్లేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి వద్దు.

పిక్క గట్టిపడి నొప్పి, కాలంతా వాపు, ఊపిరి అందకపోవడం, కట్టులోంచి చీము, జ్వరం, ఇలాంటివి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. పడుకున్నా చీలమండను రోజంతా పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే నెత్తురు గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. చెన్నైలో చేయించుకునేవాళ్లకు ఇంకో మాట. పోయేటప్పుడు సూళ్లూరుపేట లోకల్‌లో పోవచ్చు, వచ్చేటప్పుడు మాత్రం కారు మాట్లాడుకోండి, వెనక సీటంతా కాలికే.

ఆరు వారాలకు ఎక్స్‌రే తీసి ఎముక అతుక్కుందంటే వెడల్పు చెప్పుల్లోకి మారవచ్చు. బండి నడపడం కూడా అప్పుడే. వేలిని వంచి సాచే కసరత్తులు డాక్టరు చెప్పగానే మొదలుపెట్టాలి, నొప్పికి భయపడి వదిలేస్తే కీలు బిగుసుకుపోతుంది. మా వదినకు బొటనవేలి పక్కన చర్మం ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంది. చిన్న నరం దెబ్బతింటే అలా జరుగుతుంది. కొందరికి బరువు పక్క ఎముకల మీదికి మారి అక్కడ నొప్పి మొదలవుతుంది. కొందరికి ముడుసు మళ్లీ వస్తుంది, పాత చెప్పులు మళ్లీ వేసుకున్నవాళ్లకు మరీను. ఇవన్నీ సంతకం పెట్టే కాగితంలో ఉంటాయి. చదివి సంతకం పెట్టండి.

షుగరున్నవాళ్లకు వేరే రాయాలి. ఇక్కడ నాకు వెల్లూరు గుర్తొస్తుంది, మన చిత్తూరు జిల్లాకు ఆనుకున్న ఊరే కదా. 1946లో అక్కడి సీఎంసీ ఆసుపత్రికి పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. ఇంగ్లీషువాడే గానీ పుట్టింది తమిళనాడు కొల్లి కొండల్లో. కుష్ఠురోగుల వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. బ్రాండ్ చూసింది వేరు. జబ్బు నరాలను చంపేస్తే నొప్పి తెలియదు, నొప్పి తెలియక రాయి గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, నిప్పు తగిలినా మనిషి అలాగే నడిచేస్తాడు. పాదం పోయేది అలా. వంకర తిరిగిన చేతులకు, పాదాలకు కండర తాళ్లు మార్చి కుట్టే ఆపరేషన్లు ఆయన అక్కడే చేశాడు. ఆపరేషన్ చేసిన పాదం మళ్లీ పుండు పడకుండా మెత్తటి రబ్బరు చెప్పుల కోసం అక్కడ వర్క్‌షాపులు పెట్టారు. ఇప్పుడు ఎంసీఆర్ చెప్పులని షుగరు క్లినిక్కుల్లో రాసిస్తున్నవి ఆ దారిలో వచ్చినవే. తర్వాత బ్రాండ్ అమెరికా వెళ్లి షుగరు పాదాలకూ అదే పాఠం చెప్పాడు.

మన ఇళ్లలో షుగరు ఇప్పుడు ఎవరికి లేదు? అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు మొదలయ్యాయంటే నరాలు దెబ్బతింటున్నట్టు. తర్వాత మంటలు తగ్గిపోతాయి. బాగైందనుకుంటాం. నిజానికి చాలాసార్లు స్పర్శ పోయింది. అలాంటి పాదం మీద ముడుసుంటే చెప్పు అక్కడే ఒరిసి, తెలియకుండా పుండు పడుతుంది. డాక్టరు సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని అక్కడక్కడా తాకి తెలుస్తోందా అని అడుగుతాడు, రెండు నిమిషాల పని. ఏడాదికొకసారైనా చేయించుకోండి. షుగరున్నవాళ్లకు ముడుసు ఆపరేషన్ చేయకూడదని కాదు. షుగరు అదుపులో ఉండాలి, పాదానికి నెత్తురు బాగా పారుతోందని చూడాలి, ఆ తర్వాతే కత్తి. ఆనెకాయలకు మందుల షాపులో అమ్మే పట్టీలు మాత్రం వాళ్లు ముట్టుకోవద్దు. ఆ యాసిడ్ మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

ఉత్తకాళ్ల సంగతి చెబుతానన్నాను. స్పర్శ పోయిన పాదంతో ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిరగకూడదు. మరి అలిపిరి? 3,550 మెట్లు, కింద పాదాల మండపంలో స్వామివారి పాదుకలు నెత్తిన పెట్టుకుని మొదలయ్యే నడక. దాన్ని మానమని ఎవరు చెప్పగలరు? మొక్కున్నవాళ్లు తెల్లవారుజామున బయల్దేరండి, మందపాటి కాటన్ సాక్సులు వేసుకోండి, ఎండెక్కిన బండల మీద నిలబడకండి, పైకి చేరగానే అరికాళ్లు అద్దంలో చూసుకోండి, లేదా పక్కవాళ్లను చూడమనండి. బొబ్బ కనిపిస్తే దిగేటప్పుడు బస్సెక్కండి. స్పర్శ పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఎక్కేటప్పుడూ బస్సే.

రోజువారీ జాగ్రత్తలు పెద్దవేం కాదు. స్నానమయ్యాక వేళ్ల మధ్య పొడిగుడ్డతో తుడవండి. అక్టోబరు, నవంబరుల్లో మన వైపు వాయుగుండాలు పట్టి వారాల తరబడి తడి ఆరదు. వరి మళ్లలో, పులికాట్ బురదలో దిగేవాళ్లకు వేళ్ల సందులు ఒరిసి పాచి పట్టేది అప్పుడే. గోళ్లు తిన్నగా కత్తిరించండి, మూలలు లోతుగా తీస్తే గోరు కండలోకి దిగుతుంది, ఆపైన గోరుచుట్టు. మడమ పగుళ్లకు రాత్రి కొబ్బరినూనె రాసి సాక్సులు వేసుకుంటే చాలు, బ్లేడుతో చెక్కొద్దు.

మిగిలిన ప్రశ్నలకు గబగబా. రెండు కాళ్లూ ఒకేసారి చేయించుకోవచ్చా? చేస్తారు, కాని నిలబడటానికి ఒక కాలు ఉండాలని నా అభిప్రాయం. మధ్యలో కొన్ని నెలలు ఆగండి. తడ అమ్మాయికి: నీకిప్పుడు కోత మాట అక్కర్లేదు. డ్యూటీలో వేసుకునే బూటు వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండేది అడుగు, భోజనాల విరామంలో బూటు విప్పి వేళ్లు విచ్చుకోనివ్వు, ఏడాదికోసారి నిలబడి పాదం ఫొటో తీసి పెట్టుకో, ఒంపు పెరుగుతోందో లేదో నీకే తెలుస్తుంది. నాయుడుపేట టీచరమ్మకు: మీరు పంపిన ఫొటో మంచం మీద కూర్చుని తీసింది. నిలబడి తీసి, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేతో కలిపి ఎముకల డాక్టరుకు చూపించండి, నాక్కాదు. చెప్పులు కొనడం మానేసిన ఆవిడ భర్తగారికి: పేపరు మీద ఆమె పాదం మీరే గీసి, ఆ కాగితం పట్టుకుని కొట్టుకు పోండి.

వచ్చే నెల మడమ నొప్పి గురించి రాయాలనుకుంటున్నాను. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే సూది గుచ్చినట్టుండే రకం. ఉన్నవాళ్లు ఎన్నాళ్లుగా ఉంది, ఏం పని చేస్తారు, ఇంట్లో నేల టైల్సా, నాపరాయా, ఈ మూడూ తప్పకుండా రాయండి.

ఉంటాను.

మీ
సూళ్లూరుపేట మిత్రుడు